ఇంగ్లీషువాడి ఆజ్ఞ లేనిదే చీమైనా కుట్టదా?

ఏ దేశంలో ప్రభుత్వం కూలినా, ఎక్కడ జనం వీధుల్లోకి వచ్చినా మనవాళ్ల నోట మొదట వచ్చే మాట "దీని వెనకాల ఎవరో ఉన్నారు" అని. ఆ "ఎవరో" మనిషిని బట్టి మారుతుంటారు. కొందరికి సి.ఐ.ఎ., కొందరికి చైనా, కొందరికి యూదులు. మా హేతువాద సంఘం సమావేశాల్లో కూడా ఇది మామూలే. దయ్యం పట్టిందంటే ఆధారం చూపమనే మిత్రులే, బాబా గాల్లోంచి విభూతి తీస్తే అది ఏ వేళ్ల సందున దాగుందో చూపించే మిత్రులే, పరాయి దేశంలో తిరుగుబాటు అనగానే "అంతా అమెరికా ఆడించిన నాటకం" అని తేల్చేస్తారు. ఆధారం ఏదని అడిగితే "వాళ్లు ఆధారాలు వదులుతారా?" అంటారు. ఆధారం లేకపోవడమే ఆధారం అన్నమాట! ఈ తర్కంతో దేవుణ్ణి కూడా రుజువు చేయవచ్చు.

అలాగని ప్రభుత్వాలు కుట్రలు చేయవని నేను అనడం లేదు. చేస్తాయి. రుజువైన కుట్రలు చరిత్రలో చాలా ఉన్నాయి. అసలు చిక్కు అక్కడే వచ్చింది. కుట్రలన్నీ కట్టుకథలే అయితే మన పని తేలిక. దయ్యాల విషయంలో చెప్పినట్టే లేవని చెప్పి ఊరుకోవచ్చు. కానీ కొన్ని నిజం, చాలా భాగం అబద్ధం. ఈ రెంటినీ ఎలా వేరు చేయాలో నేర్చుకోవడానికి ఇరాన్ చరిత్రను మించిన పాఠం లేదని నా అభిప్రాయం. అక్కడ ఒక పెద్ద కుట్ర నిజంగానే జరిగింది. ఆ దెబ్బ జ్ఞాపకంలోంచి జరగని కుట్రలు ఎన్నో పుట్టాయి. జరిగిన కుట్ర చేసిన హాని మనకు బాగానే తెలుసు. జరగని కుట్రలు చేసిన హాని గురించే ఎవరూ మాట్లాడరు.

ముందు కాస్త వెనక్కి వెళ్దాం. ఇరాన్ మనలాగా ఎప్పుడూ బ్రిటిష్ వలస కాలేదు. కానీ స్వతంత్రంగానూ బతకనివ్వలేదు. 1907లో బ్రిటన్, రష్యా కూర్చుని ఆ దేశాన్ని తమ పలుకుబడి మండలాలుగా పంచుకున్నాయి. పంచుకుంటున్నట్టు ఇరానీయులను అడిగిన వాడు లేడు. 1919లో ఇరాన్ సైన్యాన్ని, ఖజానాను బ్రిటిష్ సలహాదారుల చేతిలో పెట్టే ఒప్పందం ఒకటి తయారైంది. దాని మీద సంతకం పెట్టిన మంత్రులకు బ్రిటిష్ వాళ్లు లంచం ఇచ్చారు. ఆ సంగతి తర్వాత బయటపడింది. 1941లో బ్రిటిష్, సోవియట్ సేనలు రెండు వైపుల నుంచీ దేశంలోకి దిగాయి. రాజు రెజా షా గద్దె దిగాల్సి వచ్చింది. ఆయన్ను బ్రిటిష్ వాళ్లే ముందు మారిషస్‌కు, తర్వాత జొహానెస్‌బర్గ్‌కు తరలించారు. ఆయన దిగిపోక ముందు బి.బి.సి. పారశీక ప్రసారాల్లో ఆయన్ను తిట్టిపోశారు కూడా. ఇన్ని జరిగాక "అన్నిటికీ ఇంగ్లీషువాడే కారణం" అని సామాన్యుడు అనుకుంటే తప్పు పట్టగలమా?

ఇక చమురు సంగతి. ఆంగ్లో ఇరానియన్ ఆయిల్ కంపెనీ (ఇప్పటి బి.పి.) అబాదాన్ పట్నంలో ప్రపంచంలోకెల్లా పెద్ద చమురు శుద్ధి కర్మాగారం నడిపేది. ఆ కంపెనీ తమ నేలలోంచి తీసిన చమురు మీద ఇరాన్‌కు ఇచ్చే వాటా కంటే బ్రిటిష్ ప్రభుత్వానికి కట్టే పన్ను ఎక్కువగా ఉన్న సంవత్సరాలు ఉన్నాయి. 1951లో ఇరాన్ పార్లమెంటు చమురును జాతీయం చేసింది. ఆ ఉద్యమానికి నాయకుడైన మొహమ్మద్ మొసాదెగ్ ప్రధాని అయ్యాడు. బ్రిటన్ ఇరాన్ చమురును ఎవరూ కొనకుండా అడ్డుకట్ట వేసింది. ఖజానా ఎండిపోయింది. అయినా మొసాదెగ్ లొంగలేదు.

1953 ఆగస్టులో సి.ఐ.ఎ., బ్రిటిష్ గూఢచారి సంస్థ కలిసి ఆయన్ను దించేశాయి. ఈ పథకానికి అమెరికన్లు పెట్టుకున్న రహస్య పేరు టి.పి. అజాక్స్. టెహ్రాన్‌లో దాన్ని నడిపినవాడు కెర్మిట్ రూజ్వెల్ట్, అమెరికా అధ్యక్షుడు థియోడోర్ రూజ్వెల్ట్ మనవడు. పత్రికలకు డబ్బిచ్చి వార్తలు రాయించారు. కమ్యూనిస్టుల వేషంలో ముల్లాలను బెదిరించి ఆ నింద కమ్యూనిస్టుల మీద పడేలా చేశారు. అద్దె గుంపులను వీధుల్లోకి దింపారు. ఇది వదంతి కాదు. సి.ఐ.ఎ. కోసం డొనాల్డ్ విల్బర్ అనే అధికారి 1954లో రాసిన లోపలి నివేదికను 2000లో న్యూయార్క్ టైమ్స్ బయటపెట్టింది. అదే సంవత్సరం అమెరికా విదేశాంగ మంత్రి మెడలిన్ ఆల్‌బ్రైట్ తమ దేశం పాత్రను బహిరంగంగా అంగీకరించింది. 2013లో వెలుగు చూసిన సి.ఐ.ఎ. పత్రాల్లో ఆ సంస్థే ఒప్పుకుంది. 2017లో అమెరికా విదేశాంగ శాఖ తన దస్తావేజుల సంపుటాన్నే అచ్చు వేసింది.

ఈ కుట్ర ఎలా నడిచిందో వివరంగా చదివితే ఒక విషయం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అది మొదట విఫలమైంది. ఆగస్టు 15 రాత్రి మొసాదెగ్‌ను తొలగిస్తూ షా ఇచ్చిన ఫర్మానా పట్టుకొని వెళ్లిన కల్నల్ నసీరీని అక్కడే అరెస్టు చేశారు. షా భయపడి విమానమెక్కి బాగ్దాద్‌కు, అక్కణ్ణించి రోమ్‌కు పారిపోయాడు. పని చెడిందని వాషింగ్టన్‌లో చేతులెత్తేశారు, ఆపేయమని తంతి కూడా పంపారు. రూజ్వెల్ట్ మాత్రం కదల్లేదు. ఆగస్టు 19న గుంపులు, వాళ్లతో కలిసిన సైన్యం మొసాదెగ్ ఇంటిని ముట్టడించే దాకా వాషింగ్టన్‌కు కూడా ఏం జరగబోతోందో తెలియదు.

ఇంకొకటి. ఆ కుట్రలో చేతులు చాలా వరకు ఇరానీయులవే. ఒకప్పుడు మొసాదెగ్ పక్కన నిలిచిన ఆయతుల్లా కాషానీ అప్పటికే ఎదురు తిరిగాడు. సైన్యంలో అసంతృప్తి ఉంది. బజారు చితికిపోయి ఉంది. మొసాదెగ్ స్వయంగా రెఫరెండం పెట్టి పార్లమెంటును రద్దు చేయించుకున్నాడు. ఆ రెఫరెండంలో అవునన్న వాళ్లకూ కాదన్న వాళ్లకూ వేరువేరు చోట్ల పెట్టెలు పెట్టారు. ఇవేవీ సి.ఐ.ఎ. సృష్టించినవి కావు. ఉన్న పగుళ్లలోకి అది గునపం దింపింది. గునపం దింపిన వాడి నేరం దీనివల్ల తగ్గదు. కానీ గోడలో పగుళ్లు లేవని చెప్పడం చరిత్ర కాదు.

జనం మనసులో మిగిలింది మాత్రం ఈ రెండో సగం కాదు. అనుకున్నది అనుకున్నట్టు చేయగల, ఎన్నడూ తప్పు చేయని, అంతటా ఉండే ఒక అదృశ్య శక్తి బొమ్మ మిగిలింది. మనవాళ్లు శివాజ్ఞ లేనిదే చీమైనా కుట్టదంటారే, అచ్చం అలా ఇరాన్‌లో ఇంగ్లీషువాడి ఆజ్ఞ లేనిదే చీమైనా కుట్టదు. ఏం జరిగినా "ఇంగ్లీషువాళ్ల పనే" అనడం అక్కడ వాడుక మాట అయింది. ఇరాజ్ పెజెష్క్‌జాద్ అనే రచయిత 1973లో దీని మీద "మా మామయ్య నెపోలియన్" అనే హాస్య నవల రాశాడు. చిన్న ఉద్యోగం చేసి రిటైరైన ఒక సైనికుడు, తను ఇంగ్లీషు సామ్రాజ్యానికి బద్ధశత్రువునని, తన మీద పగ తీర్చుకోవడానికి వాళ్లు మాటు వేశారని నమ్ముతుంటాడు. ఇంట్లో ఏ చిన్న గొడవ జరిగినా అది వాళ్ల కుట్రే. 1976లో అది టెలివిజన్ సీరియల్‌గా వస్తే దేశమంతా పడీపడీ నవ్వింది. నవ్వినా జబ్బు పోలేదు. నవలను 1979 విప్లవం తర్వాత నిషేధించారు. రచయిత ప్రవాసంలోనే 2022లో చనిపోయాడు.

జబ్బు ఎవరిదో కూడా చూడాలి. చదువులేని జనానిదే అనుకుంటే పొరపాటు. షా ప్రభుత్వమే అందరికంటే ముందుంది. 1978 జనవరి 7న ఎత్తెలాఆత్ అనే ప్రభుత్వ అనుకూల పత్రికలో మారుపేరుతో ఒక వ్యాసం వచ్చింది. అప్పటికి ఇరాక్‌లో ప్రవాసంలో ఉన్న ఆయతుల్లా ఖొమైనీ విదేశీ వలసవాదుల మనిషి అని, భారతదేశపు మూలాలున్న వాడని అందులో రాశారు. మూలాల మాట నిజమే. ఖొమైనీ తాత సయ్యద్ అహ్మద్ ముసవీ మన ఉత్తర ప్రదేశ్‌లోని బారాబంకీ జిల్లా కింతూర్ నుంచి వెళ్లి ఇరాన్‌లో స్థిరపడినవాడు. అందుకే ఆయన్ను "హిందీ" అని పిలిచేవారు. తాత అవధ్ నుంచి వస్తే మనవడు లండన్ ఏజెంటు ఎలా అవుతాడు? ఒక నిజాన్ని మేకుగా కొట్టి దానికి ఒక అబద్ధాన్ని తగిలించడం ఇలాంటి కథలకు అలవాటైన పద్ధతి.

ఫలితం ఏమైంది? ఆ వ్యాసాన్ని నిరసిస్తూ జనవరి 9న ఖోమ్ పట్నంలో మత విద్యార్థులు ఊరేగింపు తీశారు. పోలీసులు కాల్చారు. చనిపోయిన వాళ్లకు నలభయ్యో రోజు సంతాపం పాటించడం షియాల ఆచారం. ఆ నలభయ్యో రోజున, ఫిబ్రవరి 18న, తబ్రీజ్ మండింది. అక్కడ చనిపోయిన వాళ్లకు మళ్లీ నలభయ్యో రోజు వచ్చింది. అలా మంట ఊరూరూ పాకింది. ఒక కుట్ర కథ అల్లి శత్రువు నోరు మూయించాలనుకున్న ప్రభుత్వం తన చితికి తనే నిప్పు పెట్టుకుంది.

నన్ను అన్నిటికంటే కలవరపరిచేది ఆ సంవత్సరం ఆగస్టులో జరిగిన ఘోరం. 1978 ఆగస్టు 19 రాత్రి అబాదాన్‌లో రెక్స్ అనే సినిమా హాలు తగలబడింది. చమురు కర్మాగారం ఉన్న ఆ పట్నమే. లోపల "గవజ్న్‌హా" అనే ఇరానీ సినిమా ఆడుతోంది. తలుపులు మూసి ఉన్నాయి. సుమారు 400 మంది కాలిపోయారు. పిల్లలు, కుటుంబాలకు కుటుంబాలు. తేదీ చూడండి, మొసాదెగ్‌ను కూల్చి ఆ రోజుకు సరిగ్గా 25 ఏళ్లు.

తెల్లారేసరికి దేశం తీర్పు చెప్పేసింది: ఇది షా రహస్య పోలీసు సంస్థ సావక్ పని. మత పెద్దల మీద నింద వేయడానికి ప్రభుత్వమే తగలబెట్టించింది. ప్రవాసంలో ఉన్న ఖొమైనీ కూడా అదే అన్నాడు. ఈ అనుమానం గాల్లోంచి రాలేదు. సావక్ మనుషులను చిత్రహింసలు పెట్టే సంస్థ. 1953లో కమ్యూనిస్టుల పేరు చెప్పి ముల్లాలను బెదిరించిన సంగతి పెద్దవాళ్లకు గుర్తుంది. అగ్నిమాపక దళం ఆలస్యంగా వచ్చిందని ఊరంతా అనుకుంటోంది. అనుమానించడం న్యాయమే. కానీ అనుమానం దర్యాప్తుకు మొదలు కావాలి. ఇక్కడ అనుమానమే తీర్పయింది. ఆ ఏడాది సినిమా హాళ్ల మీద దాడులు చేస్తున్నది మతఛాందసులేనని, సినిమా హరామని వాళ్లే చెబుతున్నారని కళ్ల ముందు కనిపిస్తున్నా ఎవరూ అటు చూడలేదు.

అప్పటిదాకా ఎటూ మొగ్గకుండా ఉన్న లక్షల మందిని ఆ మంట షాకు వ్యతిరేకంగా నిలబెట్టింది. అబాదాన్‌లో అంత్యక్రియల్లోనే షా చావాలని నినాదాలు లేచాయి. పది రోజులు తిరగక ముందే ప్రధాని అమూజెగార్ రాజీనామా చేశాడు. చరిత్రకారుల్లో చాలామంది విప్లవానికి మలుపుగా ఈ దుర్ఘటననే చెబుతారు.

తర్వాత ఏమైంది? ఆరు నెలల్లో షా పోయాడు, విప్లవం గెలిచింది. సావక్ కాగితాలన్నీ కొత్త ప్రభుత్వం చేతికి వచ్చాయి. ఇక నిజం తేల్చడానికి అడ్డేమిటి? కానీ కొత్త ప్రభుత్వానికి తొందర లేదు. చనిపోయిన వాళ్ల కుటుంబాలు అబాదాన్‌లో నెలల తరబడి బైఠాయించి అడిగితే గాని 1980 ఆగస్టులో విచారణ మొదలు కాలేదు. ఆ విచారణలో ప్రధాన ముద్దాయి సావక్ మనిషి కాదు. మత కార్యకర్తలతో కలిసి తిరిగిన ఒక పేద యువకుడు. తనూ, తన సహచరులూ కలిసి నిప్పు పెట్టామని కోర్టులో ఒప్పుకున్నాడు. అతడితో పాటు పాత ప్రభుత్వపు పోలీసు అధికారులను కూడా కలిపి ఉరికంబం ఎక్కించారు. అతడి వెనక ఉన్నదెవరు, ఎంత పైవరకు తెలుసు అన్న ప్రశ్నలను కోర్టు తవ్వలేదు. సెప్టెంబరు 22న ఇరాక్‌తో యుద్ధం మొదలైంది. అబాదాన్ ముట్టడిలో చిక్కుకుంది. ఆ ఊరి జనం చెల్లాచెదరైపోయారు.

షా ప్రభుత్వం మీద అబద్ధపు నింద పడింది కదా అని నేను ఇక్కడ బాధపడటం లేదు. ఆ ప్రభుత్వం చేసిన నేరాలు వేరే ఉన్నాయి, చాలానే ఉన్నాయి. నా బాధ ఆ కుటుంబాల గురించి. చితుల వేడి ఆరకముందే వాళ్ల చావులకు ఒక కథ అమర్చేశారు. ఆ కథతో ఒకరు గెలిచారు, ఒకరు ఓడారు. ఆ తర్వాత నిజంతో ఎవరికీ పని లేకుండా పోయింది. బైఠాయించిన తల్లిదండ్రులు ఒక్కరికే ఇంకా నిజం కావాలి.

అంకెల విషయంలోనూ ఇదే జరిగింది. 1978 సెప్టెంబరు 8న టెహ్రాన్ జాలే స్క్వేర్‌లో సైన్యం జనం మీద కాల్పులు జరిపింది. వేలమంది చచ్చిపోయారని, కాల్చింది ఇజ్రాయెల్ సైనికులని వదంతులు లేచాయి. ఇరానీ సైనికుడు ఇరానీ వాణ్ణి కాలుస్తాడంటే నమ్మబుద్ధి కాలేదు, అందుకని కాల్చినవాణ్ణి పరాయివాణ్ణి చేశారు. విప్లవం తర్వాత ఇమాదుద్దీన్ బాఘీ అనే పరిశోధకుడు అమరవీరుల ఫౌండేషన్ రికార్డులు కూర్చుని లెక్క కట్టాడు. జాలే స్క్వేర్‌లో 64 మంది, ఆ రోజు నగరం మొత్తం మీద 88 మంది. 1963 నుంచి విప్లవం గెలిచే దాకా అన్నీ కలిపి 3,164. ఇస్లామిక్ రిపబ్లిక్ రాజ్యాంగం పీఠికలో మాత్రం 60 వేల మంది అమరులని రాసుకున్నారు. నిరాయుధులైన 88 మందిని ఒక్క రోజున కాల్చి చంపడం నేరంగా సరిపోదా? దానికి వేలు ఎందుకు? ఇజ్రాయెల్ సైనికులు ఎందుకు?

ఆ నవంబరులోనే చంద్రుడిలో ఖొమైనీ ముఖం కనిపిస్తోందని పుకారు లేచింది. జనం మేడలెక్కి చూశారు, కనిపించిందని చెప్పుకున్నారు. 1995 సెప్టెంబరు 21న మన దేశంలో వినాయకుడు పాలు తాగిన రోజు గుర్తున్న వాళ్లకు ఇది వింతగా తోచదు. చంద్రుడిలో ముఖం చూసిన కళ్లే జాలే స్క్వేర్‌లో ఇజ్రాయెల్ సైనికుణ్ణి చూశాయి. మనం మొదటిదాన్ని మూఢనమ్మకం అంటాం, రెండోదాన్ని రాజకీయ చైతన్యం అంటాం. నాకు ఆ తేడా కనపడదు.

ఇక షా సంగతి. తన మీద జనం ఎందుకు తిరగబడ్డారో ఆయనకు చివరిదాకా అర్థం కాలేదు. అమెరికా రాయబారి విలియం సలివాన్ తన జ్ఞాపకాల్లో ఒక సంభాషణ రాశాడు. ఇంత పకడ్బందీగా ఆందోళన నడపడం సోవియట్ గూఢచారుల వల్ల కూడా కాదని, కాబట్టి బ్రిటిష్ గూఢచారులు, సి.ఐ.ఎ. ఉండి తీరాలని షా ఆయనతో అన్నాడట. సి.ఐ.ఎ. గద్దెనెక్కించిన మనిషి, సి.ఐ.ఎ.యే తనను దించుతోందని నమ్మాడు! బి.బి.సి. పారశీక ప్రసారాల మీద ఆయనకు మహా అనుమానం. తండ్రి దిగిపోయినప్పుడు విన్న గొంతు కదా. ఖొమైనీ గడ్డం ఎత్తి చూస్తే కింద "మేడ్ ఇన్ ఇంగ్లండ్" అని ఉంటుందన్న జోకు షా అభిమానుల్లో ఈనాటికీ తిరుగుతోంది. ధరలు, అవినీతి, పల్లెల నుంచి వచ్చి పట్నం అంచున పడి ఉన్న జనం, నోరెత్తితే జైలు, ఇవన్నీ ఆయన కళ్ల ముందే ఉన్నాయి. కారణం లండన్‌లో ఉందనుకున్నవాడు టెహ్రాన్‌లో వెతకడు.

అదే సమయంలో ఆ సర్వజ్ఞ సి.ఐ.ఎ. ఏం చేస్తోంది? ఇరాన్‌లో విప్లవ పరిస్థితి గాని, దానికి ముందు వచ్చే పరిస్థితి గాని లేదని 1978 ఆగస్టులో అంచనా రాసి పెట్టింది. రెక్స్ సినిమా కాలిన నెల అది. అంతకు ఎనిమిది నెలల ముందు అధ్యక్షుడు కార్టర్ టెహ్రాన్ విందులో ఇరాన్‌ను సుస్థిరతకు ద్వీపమని పొగిడి వెళ్లాడు.

1979 అక్టోబరులో అమెరికా షాను వైద్యం కోసం రానిచ్చింది. ఇరానీయులకు ఇది 1953 రెండో ఆటలా కనిపించింది, జబ్బు వట్టి సాకు అనుకున్నారు. నవంబరు 4న విద్యార్థులు రాయబార కార్యాలయాన్ని పట్టుకున్నారు. 52 మందిని 444 రోజులు బందీలుగా ఉంచారు. షాకు నిజంగానే కాన్సర్. 1974లోనే ఫ్రెంచి డాక్టర్లు కనిపెట్టారు. ఆయన దాన్ని దాచాడు, 1980 జూలైలో దానితోనే చనిపోయాడు. ఆ దాపరికమే అనుమానానికి నెయ్యి పోసింది. బందీల్లో సి.ఐ.ఎ. వాళ్లు నిజంగానే ఉన్నారు, మూడు నలుగురు. వాళ్లలో ఒకడైన విలియం డాహర్టీ తర్వాత రాసుకున్నాడు: తనకు పారశీకం రాదంటే విచారించే వాళ్లు నమ్మలేదట. అంతటి సి.ఐ.ఎ. తమ దేశానికి భాష రాని కొత్తవాణ్ణి పంపిందంటే వాళ్లకు అవమానం అనిపించిందట. మనల్ని ఎవరో ఆడిస్తున్నారన్న బాధలో కాస్త గర్వం కూడా దాగి ఉంటుంది. ప్రపంచం కుట్ర పన్నేంత ముఖ్యులం మనం అని.

ఇది పాత కథ అనుకుంటే 2020, 2021 చూడండి. కరోనా వచ్చినప్పుడు సర్వోన్నత నాయకుడు ఖామెనీ, ఇరానీయుల జన్యువుల ఆధారంగా అమెరికా ఆ వైరస్‌ను తయారు చేసి ఉండవచ్చన్న ఆరోపణను తన ప్రసంగంలో ఎత్తుకుని, వాళ్ల సాయం వద్దన్నాడు. అదే వారంలో ఇస్ఫహాన్‌లో ఆసుపత్రి వేయడానికి వచ్చిన అంతర్జాతీయ వైద్య బృందాన్ని, ముందు రమ్మన్న ప్రభుత్వమే వెనక్కి పంపింది. 2021 జనవరిలో అమెరికా, బ్రిటన్ టీకాల దిగుమతిని ఖామెనీ నిషేధించాడు. తమ టీకాలను ఇతర జాతుల మీద పరీక్షించి చూడాలని వాళ్లు అనుకుంటూ ఉండవచ్చునని కారణం చెప్పాడు. ఆ ఆగస్టులో ఇరాన్‌లో అధికారిక లెక్క ప్రకారమే రోజుకు 600 మందికి పైగా చనిపోతున్నారు. ఆంక్షల వల్ల టీకాలు కొనడం కష్టమైన మాటా నిజమే. కానీ దొరికే టీకాను కూడా అనుమానంతో తలుపు బయట నిలబెట్టడం ఆంక్షల ఖాతాలో వేయలేం. 2022లో జీనా మహ్సా అమీనీ అనే యువతి నైతిక పోలీసుల నిర్బంధంలో చనిపోతే దేశమంతటా ఆడపిల్లలు వీధుల్లోకి వచ్చారు. ఖామెనీ అది అమెరికా, ఇజ్రాయెల్ పథకమన్నాడు. 1978లో షా అన్న మాటే, పేర్లు మారాయి అంతే.

ఇరాన్ మీద రహస్య చర్యలు 1953తో ఆగిపోలేదు. నతాంజ్ అణుకేంద్రంలో యంత్రాలను దెబ్బతీసిన కంప్యూటర్ వైరస్ 2010లో బయటపడింది. 2018లో టెహ్రాన్ గిడ్డంగిలోంచి అణు కార్యక్రమం కాగితాలను ఇజ్రాయెల్ ఎత్తుకుపోయింది, తనే చాటుకుంది. ఇవి నిజం. అయితే ఒక ఆడపిల్ల తన తలగుడ్డ తీసి మంటలో వేయడానికి వైరస్ అక్కర్లేదు, గూఢచారి అక్కర్లేదు.

మనకూ ఈ అలవాటు ఉంది. 1970లలో ఇందిరా గాంధీ నోట "విదేశీ హస్తం" అన్న మాట ఎంత తరచుగా వచ్చేదో పెద్దవాళ్లకు తెలుసు. 1973లో చిలీలో అయెందేకు పట్టిన గతి ఆమె కళ్ల ముందుంది, కాబట్టి భయానికి కారణం లేకపోలేదు. కానీ 1974లో సమ్మె చేసిన రైల్వే కార్మికుడి కడుపు కాలింది విదేశీ హస్తం వల్ల కాదు. ఇప్పుడు ఏ రైతు ధర్నా చేసినా, ఏ విద్యార్థి నినాదం ఇచ్చినా వెనక ఎవరున్నారని అడిగేవాళ్లు, ముందున్న మనిషి ఏమంటున్నాడో వినరు. పాలకులకు ఇంతకంటే సుఖమైన సిద్ధాంతం ఉంటుందా?

కార్ల్ పాపర్ ఈ సంగతి ఎప్పుడో చెప్పాడు. దేవుళ్లను నమ్మడం మానేసిన సమాజం, దేవుళ్లు ఖాళీ చేసిన పీట మీద రహస్య బృందాలను కూర్చోబెడుతుందని ఆయన అభిప్రాయం. కుట్రలు జరగవని ఆయన అనలేదు. జరుగుతాయి, కానీ అనుకున్నట్టు జరిగేవి బహు తక్కువ అన్నాడు. హేతువాదులకు ఇంతకంటే పనికొచ్చే మాట లేదు. 1953 నాటి అసలు కుట్రకు పేర్లున్నాయి, తేదీలున్నాయి, డబ్బు చేతులు మారిన దారి ఉంది. అందులో భయపడి పారిపోయిన రాజు, పట్టుబడిన కల్నల్ ఉన్నారు. అది చెడిపోయే అవకాశం ఉన్న పని, సగం చెడిపోయింది కూడా. నమ్మకపు కుట్రలో ఇవేవీ ఉండవు. అది ఎప్పుడూ విఫలం కాదు. ఎదురు సాక్ష్యం వస్తే అది కూడా కుట్రలో భాగం అవుతుంది. నేను ఎవరైనా కుట్ర అన్నప్పుడు ఒకటే అడుగుతాను: "ఏం తేలితే నీ మాట తప్పని ఒప్పుకుంటావు?" జవాబు ఉంటే కూర్చుని వింటాను. జవాబు లేకపోతే అది మతం. మన పద్ధతి మనకు తెలిసిందే.

అన్నిటినీ నమ్మకపోవడం ఎంత తేలికో, అన్నిటినీ అనుమానించడం కూడా అంత తేలిక. రెంటిలోనూ కాగితం తిరగేసే పని తప్పుతుంది. మొసాదెగ్‌కు జరిగిన అన్యాయం ఈ రోజు ప్రపంచానికి తెలుసంటే, ఎవరో గట్టిగా నమ్మారని కాదు. చరిత్రకారులు దశాబ్దాల పాటు దస్తావేజులు అడిగారు, కోర్టులకెక్కారు, వచ్చినవి చదివారు. అబాదాన్ కుటుంబాలు కోరింది కూడా అలాంటి పనే. రెక్స్ సినిమా హాల్లో పోయిన వాళ్లకు అది ఇంకా పూర్తిగా జరగలేదు.